పిల్లల గదిలో అరిగిన కార్పెట్: తక్కువ ఖర్చుతో మార్చుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

పిల్లల గదిలో కార్పెట్ ఎక్కడెక్కడ అరిగిందో చూస్తే ఆ పిల్లల దినచర్య అంతా తెలిసిపోతుంది. తలుపు నుంచి మంచం దాకా నలిగి నల్లబడిన కాలిబాట. బల్ల ముందు కుర్చీ చక్రాలు తొలిచిన రెండు గుంటలు. మంచం పక్కన ఎప్పుడో ఒలికిన రంగునీళ్ల మరక, అది కనపడకుండా దాని మీదికి జరిపిన బొమ్మల పెట్టె. మా అమ్మాయి గదిలో కార్పెట్‌ను ఇప్పటికి రెండుసార్లు మార్చాను. మొదటిసారి డబ్బు ఎక్కువ పెట్టాను, ఆలోచన తక్కువ పెట్టాను. రెండోసారి దానికి సరిగ్గా వ్యతిరేకంగా చేశాను. ఇక్కడ చెప్పేదంతా ఆ రెండోసారి నేర్చుకున్నదే.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయంలో మనసు కుదుర్చుకోవాలి. పిల్లల గదికి ఇరవై ఏళ్లు మన్నే కార్పెట్ అక్కర్లేదు. నాలుగేళ్ల పిల్ల పదేళ్లది అయ్యేసరికి గది రంగు మారుతుంది, మంచం మారుతుంది, ఇష్టాలూ మారతాయి. పైన కనిపించే కార్పెట్ మళ్లీ మార్చాల్సిందే అనుకుని, ఖర్చును దాని కింద పెట్టండి. నేల గట్టిగా, పొడిగా ఉండి, కింది ఫోం మంచిదైతే చవక కార్పెట్ కూడా కాలికి హాయిగా ఉంటుంది. పైన ఎంత ఖరీదైనది పరిచినా కింద నాసిరకం ఫోం ఉంటే రెండేళ్లలో అణిగిపోతుంది. నా మొదటి తప్పు సరిగ్గా అదే.

మార్చక తప్పదా?

కార్పెట్ పాడైందని మనం అనుకునే వాటిలో కొన్ని నిజానికి పాడైనవి కావు. అలలు అలలుగా లేచి ముడతలు పడితే అది అరుగుదల కాదు, బిగువు సడలడం. గోడ పక్కన ఒక వైపు ఊడదీసి మళ్లీ లాగి బిగిస్తే సరిపోతుంది. ఒకటి రెండు చోట్ల మాత్రమే కాలినా, మరక పడినా, గోడలో కట్టిన అల్మారాలోకి కూడా కార్పెట్ పరిచి ఉంటే, దాని లోపలి మూల నుంచి అదే కార్పెట్ ముక్క కోసి ఇక్కడ అతికించవచ్చు. మురికి పట్టి రంగు మారితే, వేడినీళ్లు చల్లి వెంటనే పీల్చేసే యంత్రాన్ని ఒక రోజుకు అద్దెకు తెచ్చి కడిగి చూడండి.

మార్చక తప్పనివి వేరే ఉన్నాయి. నూగు, అంటే పైకి లేచి ఉండే పోగులు, పూర్తిగా ఊడిపోయి అడుగు అల్లిక కనిపిస్తుంటే దాన్ని కడిగి ప్రయోజనం లేదు. నడిచినప్పుడు కింద పొడిపొడిగా నలిగినట్టు అనిపిస్తే ఫోం చచ్చిపోయిందని అర్థం. పక్క తడిపిన వాసన కడిగిన తర్వాత కూడా, ముఖ్యంగా వానాకాలంలో, మళ్లీ మళ్లీ వస్తుంటే తడి ఫోం దాటి నేలలోకి దిగిందన్నమాట. పైపైన ఎంత కడిగినా అది పోదు.

కొనే ముందే మూల ఎత్తి చూడండి

ఈ ఒక్క పని పెద్ద ఖర్చును తప్పించవచ్చు. అల్మారా లోపలి మూలలో కార్పెట్ అంచును పట్టకారుతో పట్టుకుని పైకి లాగితే జానెడు మేర లేస్తుంది. కింద మంచి చెక్క నేలో, పగుళ్లు లేని టైల్సో ఉంటే గోడ నుంచి గోడ దాకా కార్పెట్ వేయాల్సిన అవసరమే ఉండకపోవచ్చు. నేలను శుభ్రం చేసి, మధ్యలో ఒక పెద్ద తివాచీ, దాని కింద జారకుండా పట్టే వల పరిస్తే పని అయిపోతుంది. ఒలికింది తుడుచుకోవడం సులువు, పాడైతే మార్చడం ఇంకా సులువు.

పాత ఇళ్లలో మాత్రం జాగ్రత్త. కార్పెట్ కింద 9 అంగుళాల చదరపు టైల్స్, వాటి కింద నల్లటి జిగురు కనిపిస్తే అందులో ఆస్‌బెస్టాస్, అంటే పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఖనిజం, ఉండే అవకాశం ఉంది. వాటిని గీకకూడదు, ఊడదీయకూడదు, ఉప్పుకాగితంతో రుద్దకూడదు. చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు వాటి నుంచి ప్రమాదం తక్కువ, పొడి అయితేనే ముప్పు. పరీక్ష చేయించే వరకు ఆ గదిలో పని ఆపండి.

ఏది కొనాలి?

తక్కువ ఖర్చుకు రెండు దారులు ఉన్నాయి. ఒకటి రోలు చివర మిగిలిన ముక్క. పెద్ద ఇళ్లకు, కార్యాలయాలకు కోయగా మిగిలిన ముక్కలను దుకాణదారులు గోదాములో చుట్టిపెడతారు. ఒక్క గదికి సరిపోయే ముక్క వాళ్లకు చోటు దండగ, మనకు అదృష్టం. ముందుగా గది కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్లండి, నాలుగైదు చోట్ల అడగండి, రంగు విషయంలో పట్టుదల వదలండి. ఫలానా రంగే కావాలనుకుంటే మిగులు ముక్క దొరకదు.

రెండోది కార్పెట్ టైల్స్, అంటే 50 సెంటీమీటర్ల చదరపు ముక్కలు. చదరపు అడుగు లెక్కన మిగులు ముక్క కంటే ఖరీదు ఎక్కువే పడవచ్చు. అయితే బిగించే పరికరాలు అక్కర్లేదు, ఫోం అక్కర్లేదు, పనివాడు అక్కర్లేదు. ద్రాక్షరసం ఒలికితే ఆ ఒక్క ముక్కనే తీసి కడుక్కోవచ్చు. మెత్తదనం మాత్రం తక్కువ. నేల మీద పడుకుని బొమ్మలు వేసుకునే పిల్లలకు ఇది గట్టిగా తగులుతుంది.

నూలు విషయానికి వస్తే, బడ్జెట్‌లో దొరికేవి ప్రధానంగా మూడు. పాలీప్రొపిలీన్ అన్నిటికంటే చవక. రంగును నూలు తీయకముందే కరిగిన ముడిపదార్థంలో కలిపేస్తారు కాబట్టి మరక సులభంగా అంటదు, రంగు పోదు. కానీ అణిగితే తిరిగి లేవదు, నూనె మరకను వదలదు, బరువైన పెట్టెను ఈడిస్తే ఆ రాపిడి వేడికే గీత పడిపోతుంది. పాలిస్టర్ మెత్తగా, రంగులు బాగా కనిపించేలా ఉంటుంది. కొన్ని రకాల్లో పాత నీళ్ల సీసాలను కరిగించి తీసిన నూలు ఉంటుంది. నడక ఎక్కువైతే బాట పడిపోతుంది. నైలాన్ ఖరీదైనది, అణిగినా లేస్తుంది, మిగులు ముక్కగా దొరికితే వదలకండి. ఉన్ని పిల్లల గదికి తగదని నా అభిప్రాయం. ఉన్ని గొప్పదే, పక్క తడిపే వయసు మాత్రం దానికి సరిపడదు.

నూలు కంటే ముఖ్యమైనది ఒత్తు. నమూనా ముక్కను వెనక్కి వంచి చూడండి. నూగు మధ్య నుంచి అడుగు అల్లిక ఎంత తక్కువగా కనిపిస్తే అంత మంచిది. బొటనవేలితో నొక్కి వదిలి చూడండి. నూగు పొడవుగా ఉంటే దుకాణంలో కాలికి బాగుంటుంది, ఇంట్లో పూసలనూ, రంగు పెన్సిళ్ల మొనలనూ, బిస్కెట్ పొడినీ మింగేస్తుంది. పొట్టిగా, ఒత్తుగా ఉన్నదే తీసుకోండి. బొమ్మకార్లు కూడా దాని మీదే పరుగెత్తుతాయి. నూలు కోయకుండా ఉంగరాలుగా వదిలేసిన రకాలలో ఒక్క పోగు చిక్కుకుంటే వరుస మొత్తం ఊడివస్తుంది కాబట్టి కోసిన నూగు రకం మేలు. రెండు మూడు ఛాయలు కలిసి చుక్కలు చుక్కలుగా ఉన్న రంగు మురికిని దాస్తుంది. లేత గోధుమ రంగు కార్పెట్ దుకాణంలో ఎంత అందంగా ఉంటుందో నాకు తెలుసు. అది ఒక్క పుట్టినరోజు పండుగకు కూడా తట్టుకోదు.

ఇక ఫోం. దీని దగ్గర బేరమాడకండి. మందం 11 మిల్లీమీటర్లు మించకూడదు. ఎంత మందమైతే అంత మెత్తన అనుకుంటాం, కానీ మరీ మందమైతే నడిచిన ప్రతిసారీ కార్పెట్ వంగి అడుగు అల్లిక తెగుతుంది. చూడాల్సింది సాంద్రత. ఘనపు మీటరుకు సుమారు 100 కిలోలు, వీలైతే 130 దగ్గర ఉన్నది అడగండి. పైన పలుచని ప్లాస్టిక్ పొర ఉన్న ఫోం కొంచెం ఎక్కువ ఖరీదు. ఒలికింది ఫోంలోకి దిగకుండా ఆపుతుంది కాబట్టి చిన్న పిల్లలున్న గదికి ఆ కొంచెం దండగ కాదు. పాత ఫోం బాగానే ఉందనిపించినా వాడకండి.

కొలత: డబ్బు పోయేది ఇక్కడే

కార్పెట్ రోలు ఒక నిర్దిష్టమైన వెడల్పులో వస్తుంది. చాలాచోట్ల అది 12 అడుగులు, కొన్నిచోట్ల 4 మీటర్లు. మన గది వైశాల్యం ఎంతైనా, కొనేది ఆ వెడల్పులోని ఒక పొడవు. దీన్ని గ్రహించకుండా చదరపు అడుగులు మాత్రమే లెక్కవేస్తే తప్పు తప్పదు.

ఉదాహరణకు గది 11 అడుగుల 4 అంగుళాల పొడవు, 10 అడుగుల 2 అంగుళాల వెడల్పు ఉందనుకుందాం. ప్రతి గోడ దగ్గరా 3 అంగుళాలు అదనంగా ఉండాలి కాబట్టి రెండు కొలతలకూ 6 అంగుళాలు కలపాలి. అంటే 11 అడుగుల 10 అంగుళాలు, 10 అడుగుల 8 అంగుళాలు. 12 అడుగుల రోలులో పెద్ద కొలత ఇమిడిపోతుంది. 10 అడుగుల 8 అంగుళాల పొడవు కోయించుకుంటే చాలు, మొత్తం 128 చదరపు అడుగులు. గది వైశాల్యం 115. వృథా తక్కువ.

అదే గది పొడవు 12 అడుగుల 2 అంగుళాలైతే? అదనంతో కలిపి 12 అడుగుల 8 అంగుళాలు, రోలు వెడల్పును దాటిపోయింది. అతుకు వేయకుండా ఉండాలంటే రోలును అడ్డంగా తిప్పి, 12 అడుగుల 8 అంగుళాల పొడవు కోయించాలి. ఇప్పుడు కొనేది 152 చదరపు అడుగులు, గది 124. పక్కన 16 అంగుళాల వెడల్పున పొడవాటి పట్టీ మిగులుతుంది. అది అల్మారాలోకి సరిపోతుందిలే అని నేను మొదటిసారి ధైర్యం చెప్పుకున్నాను. అల్మారా లోతు 24 అంగుళాలు. ఆ పట్టీ ఇప్పటికీ అటక మీద ఉంది.

గోడలు ఎప్పుడూ సమాంతరంగా ఉండవు. ప్రతి వైపూ మూడు చోట్ల కొలిచి పెద్ద సంఖ్య తీసుకోండి. తలుపు సందులో, తలుపు మూసినప్పుడు దాని సరిగ్గా కిందికి వచ్చే గీత దాకా కొలవండి. అల్మారా విడిగా కొలవండి. ఇవన్నీ ఒక కాగితం మీద గది బొమ్మ గీసి రాసుకోండి. దుకాణంలో ఆ బొమ్మే మీ తరఫున మాట్లాడుతుంది.

ఏవి అద్దెకు, ఏవి సొంతానికి

సొంతానికి కావలసినవి: పదునైన కట్టర్ కత్తి, పది పన్నెండు కొత్త బ్లేడ్లు, పట్టకారు, సుత్తి, పెకలించే ఇనుప కడ్డీ, వెడల్పాటి ఉలి, స్టేపుల్ తుపాకీ, తోలు చేతితొడుగులు, కళ్లద్దాలు, దుమ్ము ముసుగు, మోకాళ్ల కింద కట్టుకునే మెత్తలు. బ్లేడ్ల దగ్గర పిసినారితనం వద్దు. మొద్దుబారిన బ్లేడు కార్పెట్‌ను కోయదు, చీలుస్తుంది. చేతులు తెగేదీ దానితోనే.

అద్దెకు తెచ్చేవి రెండు. ఒకటి ‘నీ కిక్కర్’, అంటే మోకాలితో తన్నే పరికరం. ఒక చివర ముళ్లు, ఇంకో చివర మెత్త ఉంటాయి. మోకాలి పైభాగంతో దాన్ని తన్నితే కార్పెట్ ముందుకు జరుగుతుంది. రెండోది పవర్ స్ట్రెచర్. దీని ఒక కాలు వెనక గోడకు ఆనుకుంటుంది, మీట నొక్కితే ముందు తల కార్పెట్‌ను అవతలి గోడ వైపు లాగుతుంది. మొదటిది ఒక్కటి చాలని చాలామంది సరిపెట్టుకుంటారు. దానితో గది మొత్తం బిగిస్తే బిగువూ సరిగా రాదు, మోకాళ్లూ మిగలవు. కార్పెట్ పనివాళ్ల మోకాళ్ల జబ్బుల గురించి అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1990లోనే ప్రత్యేకంగా హెచ్చరిక వెలువరించింది. మూలలకు, అల్మారాకు మాత్రం కిక్కర్ వాడండి.

అద్దె కూడా భారమైతే, లేదా ఈ యంత్రాలంటే జంకు ఉంటే, పనిని పంచుకోండి. సామాను తీయడం, పాతది పెకలించడం, నేల బాగుచేయడం, ఫోం పరచడం మీరే చేసి, చివరి బిగింపు ఒక్కటే పనివాడికి ఇవ్వండి. ఇలా చేస్తానని ముందే చెప్పి కూలి మాట్లాడుకోవాలి. అంతా అయ్యాక చెబితే ఎవరూ తగ్గించరు.

పాతది తీయడం

గదిలో ఏమీ ఉండకూడదు. మంచం విప్పి బయట పెట్టండి. గోడలకు రంగు వేయాలనే ఆలోచన ఉంటే ఈ వారంలోనే వేసేయండి. కింద పాత కార్పెట్ ఉన్నప్పుడు రంగు చుక్కల బెంగ ఉండదు. ఇల్లు బాగా పాతదైతే గోడ అడుగు పట్టీలను గీకేముందు ఆ రంగులో సీసం ఉందేమో పరీక్షించుకోవాలి.

పాత కార్పెట్ మీద ఒకసారి వాక్యూమ్ తిప్పి, నీళ్లు సన్నగా చల్లండి. దుమ్ము లేవదు. ఒక మూలను పట్టకారుతో పట్టి లాగి, గోడ వెంట ఊడదీసుకుంటూ వెళ్లండి. ఊడిన భాగాన్ని తిరగేసి, వెనక వైపు నుంచి రెండు, మూడు అడుగుల వెడల్పు పట్టీలుగా కోయండి. వెనక నుంచి కోస్తే కత్తి సాఫీగా పోతుంది. ఒక్కో పట్టీని చుట్టి టేపు వేస్తే ఒకరే మోసుకుపోవచ్చు. మొత్తం కార్పెట్‌ను ఒకే చుట్టగా చుడితే మెట్ల మీద ఇద్దరికీ నడుము పడుతుంది.

ఫోం కూడా ఇలాగే. తర్వాత విసుగు పుట్టించే భాగం ఒకటుంది: నేలకు మిగిలిపోయిన వందలాది స్టేపుల్ పిన్నులు. వెడల్పాటి ఉలితో లేపి, పట్టకారుతో పీకాలి. సుత్తితో కొట్టి అణచేద్దామన్న ఆలోచన నాకూ వచ్చింది. చివరికి ఒక అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి నేలంతా, ముఖ్యంగా తలుపు దగ్గర, ఈడ్చండి. గుడ్డకు అంటుకుని వచ్చేవి చూస్తే, రేపు ఈ గదిలో పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారన్న సంగతి గుర్తొచ్చి ఇంకో రెండుసార్లు ఈడుస్తారు.

గోడ వెంట చెక్క పట్టీల మీద పైకి లేచిన సన్నని ముళ్లు కనిపిస్తాయి. కార్పెట్‌ను పట్టి ఉంచేవి ఈ ముళ్లపట్టీలే. కొత్తవి కొనాలని దుకాణంలో చెబుతారు. తుప్పు పట్టకుండా, విరగకుండా, నేలకు గట్టిగా ఉన్నవాటిని మార్చనక్కర్లేదు. తడి తగిలి నల్లబడినవి మాత్రమే పెకలించండి. తుప్పు పట్టిన ముల్లు కొత్త కార్పెట్ అంచున గోధుమరంగు గీతగా తేలుతుంది.

నేల బయటపడిన ఒక్క రోజు

మొత్తం పనిలో నాకు నచ్చే భాగం ఇదే. కొన్నేళ్లకు ఒక్కసారే ఈ నేల వెలుతురు చూస్తుంది. ఆ రోజు చేయని మరమ్మతు మరి ఇప్పట్లో జరగదు.

చెక్క నేలైతే గదంతా మెల్లగా నడవండి. కిర్రుమన్న ప్రతి చోటా సుద్దతో గుర్తు పెట్టండి. పాత మేకుల వరుస చూస్తే కింద దూలాలు ఎక్కడున్నాయో తెలుస్తుంది. ఆ గీత మీద, గుర్తులున్న చోట, దూలంలోకి దిగేలా మరలు బిగించండి. మేకు కొడితే మళ్లీ సడలుతుంది, మర సడలదు. పిల్ల నిద్రపోయాక గదిలోంచి పిల్లిలా బయటికి వచ్చే తల్లిదండ్రులకు ఈ గంట పని విలువ వేరే చెప్పాలా?

మూత్రపు మరకలు కనిపిస్తే ముందు ఎంజైము ఉన్న శుభ్రపరిచే ద్రవంతో తడిపి, డబ్బా మీద రాసినంత సేపు వదిలి, పూర్తిగా ఆరనివ్వండి. ఆ పైన లక్కతో చేసిన ప్రైమర్ ఒక పూత వేస్తే మిగిలిన వాసన చెక్కలోనే బందీ అవుతుంది. మామూలు గోడ ప్రైమర్ ఈ పని చేయదు. పూత వేసేటప్పుడు కిటికీలు తెరవాలి, పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

సిమెంటు నేలైతే చెమ్మ చూడాలి. 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని నేల మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో మూసేయండి. కనీసం 16 గంటల తర్వాత, అంటే మర్నాడు, తీసి చూడండి. లోపల నీటి బిందువులు ఉన్నా, నేల రంగు ముదిరినా కార్పెట్ ఆపండి. చెమ్మ ఎక్కడి నుంచి వస్తుందో తేల్చకుండా పరిస్తే బూజుకు పక్క వేసినట్టే.

పట్టీలు, ఫోం

కొత్త ముళ్లపట్టీలు వేయాల్సిన చోట, గోడకూ పట్టీకీ మధ్య 6 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. కార్పెట్ అంచు దూరేది ఆ సందులోకే. ముళ్లు గోడ వైపు వాలి ఉండాలి. తిప్పి కొడితే బిగించిన కార్పెట్ జారిపోతుంది. పట్టీ సాధారణంగా 4 అడుగుల పొడవు వస్తుంది. మన ఉదాహరణ గదికి, తలుపు వదిలేస్తే చుట్టుకొలత సుమారు 40 అడుగులు, అన్నీ కొత్తవే వేసినా 11 పట్టీలు చాలు. తలుపు గుమ్మంలో ముళ్లపట్టీ వద్దు, అక్కడ లోహపు గుమ్మం పట్టీ వేయండి. పాదాలు ఎక్కువగా తగిలే చోటు అది.

ఫోంను ముళ్లపట్టీల లోపలి అంచు దాకా మాత్రమే పరవాలి, వాటి మీదికి ఎక్కకూడదు. ప్లాస్టిక్ పొర పైకి. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పక్కపక్కన ఆనించి అతుకుల మీద టేపు వేయండి. చెక్క నేలైతే అంచుల వెంట జానెడుకొక స్టేపుల్, సిమెంటుకైతే జిగురు.

పరచడం, బిగించడం

కార్పెట్‌ను ఒక రోజు ముందే ఇంట్లో తెరిచి పెడితే చుట్ట మడతలు సడలుతాయి. కోసేముందు నూగు దిశ చూసుకోండి. అరచేతితో నిమిరితే ఒక వైపు నున్నగా, ఇంకో వైపు గరుకుగా ఉంటుంది. నున్నగా వాలే వైపు తలుపు వైపుకు ఉంటే లోపలికి వచ్చేవాళ్లకు రంగు నిండుగా కనిపిస్తుంది. రెండు ముక్కలు వాడితే రెండిటి దిశా ఒకటే కావాలి. లేకపోతే ఒకే చుట్టలోంచి కోసినవి కూడా రెండు రంగుల్లా కనిపిస్తాయి.

గదిలో పరిచి, ప్రతి గోడ మీదికీ 3 అంగుళాలు ఎక్కేలా సర్దండి. మూలల్లో నిలువుగా ఒక గాటు పెడితే కార్పెట్ చదునుగా కూర్చుంటుంది. గాటు కిందికి పోకుండా చూసుకోవాలి.

ఇప్పుడు ఒక మూల ఎంచుకోండి. కిక్కర్‌తో ఆ మూలలో తన్ని, కార్పెట్‌ను ముళ్లకు తగిలించండి. ఆ మూల నుంచి ఒక గోడ వెంట కొంత, పక్క గోడ వెంట కొంత తగిలించుకుంటూ వెళ్లండి. రెండు గోడలూ పట్టాక, పవర్ స్ట్రెచర్ కాలును వాటిలో ఒక గోడకు చెక్కముక్క అడ్డం పెట్టి ఆనించి, తలను ఎదుటి గోడకు అర అడుగు దూరంలో ఉంచి మీట నొక్కండి. కార్పెట్ సాగాలి. ఎంత అంటే, పొడవులో 1 నుంచి 1.5 శాతం. మన 11 అడుగుల 4 అంగుళాల గదిలో అది ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు. మొదటిసారి ఈ లెక్క వింటే నమ్మబుద్ధి కాదు, చిరిగిపోతుందేమోనన్న భయం వేస్తుంది. చిరగదు. ఇంత సాగదీయకపోవడం వల్లనే ఏడాది తిరగకుండా మంచం చుట్టూ ముడతలు లేస్తాయి. సాగిన చోట ముళ్ల మీదికి చేత్తో నొక్కి, ఒక అడుగు జరిగి మళ్లీ లాగండి.

నాలుగు వైపులా అయ్యాక, ముళ్లపట్టీ దాటి గోడ సందులోకి దూరేంత, సుమారు ఒక సెంటీమీటరు, వదిలి మిగతాది కోసేయండి. వెడల్పాటి ఉలితో ఆ అంచును సందులోకి నొక్కండి. ముందు తక్కువ కోయండి, అవసరమైతే మళ్లీ కోయవచ్చు. ఎక్కువ కోసినదాన్ని ఎవరూ పెంచలేరు.

అతుకు అల్మారా తలుపు దగ్గర తప్ప ఇంకెక్కడా రాకుండా ప్రణాళిక వేసుకోండి. గది మధ్యలో అతుకు వేయాలంటే వేడి టేపు, ఇస్త్రీ పెట్టె లాంటి పరికరం, అంచులకు జిగురు, అనుభవం కావాలి. మొదటి మూడూ కొనగలం.

టైల్స్ ఎంచుకున్నవారికి

పని నేల శుభ్రం చేసే దాకా ఒకటే. ముళ్లపట్టీలు పూర్తిగా పెకలించి, మేకు రంధ్రాలు పూడ్చి నున్నగా చేయాలి. ఫోం వేయకూడదు, వేస్తే టైల్ అంచులు లేస్తాయి.

లెక్కలో ఒక తిరకాసు ఉంది. మన గది 3.45 మీటర్లు, 3.10 మీటర్లు. వైశాల్యం ప్రకారం 43 టైల్స్ వస్తాయి. కానీ 3.10 మీటర్ల వైపు 6 పూర్తి టైల్స్ పెడితే చివర 10 సెంటీమీటర్ల పీలిక మిగులుతుంది. అది చూడటానికి బాగుండదు, త్వరగా ఊడుతుంది. మధ్యలో 5 పూర్తి వరుసలు, రెండు అంచుల్లో 30 సెంటీమీటర్ల ముక్కలు వేస్తే కుదురుగా ఉంటుంది. అంటే 7 వరుసలు, వరుసకు 7, మొత్తం 49. మరకలకు ఇంకో నాలుగైదు. గది మధ్యలో దారంతో రెండు గీతలు వేసుకుని అక్కడి నుంచి బయటికి పరవండి. వెనక బాణం గుర్తు ఉంటుంది. పక్కపక్క టైల్స్ బాణాలను ఒకటి నిలువు, ఒకటి అడ్డంగా మారుస్తూ పోతే కోత తప్పులు కనిపించవు. మొత్తం నేలకు జిగురు పూయకండి. మూలల కింద అంటించే బిళ్లలు చాలు, రేపు ఒక టైల్ తీయాల్సి వస్తే తేలిగ్గా వస్తుంది.

సామాను లోపలికి

కొత్త కార్పెట్ వాసన చాలావరకు అడుగున పూసే లేటెక్స్ జిగురు నుంచి వస్తుంది. కిటికీలు తెరిచి, ఫ్యాను పెట్టి 48 నుంచి 72 గంటలు గాలి ఆడనివ్వండి. ఆ రెండు మూడు రాత్రులు పిల్లలు వేరే గదిలో పడుకోవాలి. ఉబ్బసం ఉన్న పిల్లలైతే ఇంకో రోజు ఆగినా నష్టం లేదు.

తలుపు వేసి చూడండి. కొత్త ఫోం పాతదానికంటే మందంగా ఉంటే తలుపు రాసుకుంటుంది. అప్పుడు తలుపు ఊడదీసి అడుగున చిత్రిక పట్టాలి, కార్పెట్‌ను నొక్కి సర్దుకోవడం కుదరదు.

పుస్తకాల అర, బట్టల బీరువా పెట్టేటప్పుడు ఒక ముఖ్యమైన సంగతి. గోడ పక్కన కార్పెట్ కింద ముళ్లపట్టీ ఉంటుంది, దాని ముందు మెత్తని ఫోం. గోడకు ఆనించి పెట్టిన బీరువా వెనక కాళ్లు గట్టి పట్టీ మీద, ముందు కాళ్లు ఫోం మీద నిలుస్తాయి. ఫలితంగా అది కొద్దిగా ముందుకు, గది వైపు, వాలుతుంది. సొరుగులు తెరిచి వాటిని మెట్లలా ఎక్కే పిల్లలున్న గదిలో ఇది చిన్న విషయం కాదు. ముందు కాళ్ల కింద పలుచని చెక్క బిళ్లలు పెట్టి నిటారుగా నిలపండి. పైభాగాన్ని గోడకు పట్టీతో మరలు బిగించి కట్టండి. కార్పెట్ మార్చకపోయినా చేయాల్సిన పనే, ఇప్పుడైతే తప్పించుకోలేరు.

మొదటి వారాల్లో వాక్యూమ్‌లో నూగు చాలా వస్తుంది. కోసిన నూగు రకాలకు అది మామూలే. ఎక్కడైనా ఒక పోగు పైకి లేస్తే లాగకండి, కత్తెరతో మట్టంగా కోయండి.

మిగిలిన ముక్కల్లో కనీసం రెండడుగుల చదరం ఒకటి చుట్టి అటక మీద పెట్టండి. దాని వెనక నూగు దిశకు బాణం గీయండి. పాడైన చోట అతుకు వేయాల్సి వస్తే, పాడైన భాగం మీద కొత్త ముక్కను ఒకే దిశలో ఉంచి, దాని అంచుల వెంట కింది కార్పెట్‌ను కోయాలి. ఫోం దాకా కత్తి దించకూడదు. రంధ్రం కింద రెండు వైపులా అంటుకునే టేపు సగం లోపలికి దూర్చి, ముక్కను అంటించి, బరువు పెట్టి ఒక రోజు వదలండి. మా ఇంట్లో ఆ ముక్క మూడు నెలలకే అవసరమైంది. గోళ్లరంగు సీసా.